ట్యాంకరు ఎటు పోతోంది?
వరంగల్‌లో చాలా ఇళ్ల మరుగుదొడ్డి వ్యర్థం చేరేది సెప్టిక్ ట్యాంకులోకే. అది నిండాక వచ్చిన ట్యాంకరు ఊరవతల ఏ వాగులోనో పైపు వదిలేస్తే, ఆ మురుగును తినే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజనంతా లాగేస్తాయి, చేపలు చచ్చి తేలతాయి. అవే సూక్ష్మజీవులు ఆ పని శుద్ధి కేంద్రంలో ముగిస్తే వాగు బతుకుతుంది. అందుకే 2016లో నగరపాలక సంస్థ సెప్టిక్ ట్యాంకు వ్యర్థాలపై తెచ్చిన నిబంధనలు, మరుసటి ఏడాది అమ్మవారిపేటలో మొదలైన మలవ్యర్థాల శుద్ధి కేంద్రం నా దృష్టిలో గొప్ప పనులు. కానీ వంటింటి, స్నానాల నీళ్లు ఇంకా నాలాల వెంట చెరువుల్లోకే పోతున్నాయి. 2024లో నగరంలోని భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడికతీతకు పూనుకున్నారు, మంచిదే. మురుగును మళ్లించకుండా పూడిక తీస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది? ముందు భూగర్భ డ్రైనేజీ వేయాలి, ప్రతి ట్యాంకరూ శుద్ధి కేంద్రానికే చేరేలా చూడాలి.