సంతకం వచ్చింది సరే, తీర్మానం చదవగలమా?



మీ ఊళ్లో వయోజనులకు పరీక్ష పెట్టారా? పెడితే ఆ ప్రశ్నపత్రం ఒకసారి అడిగి చూడండి. కేంద్రం 2022లో మొదలుపెట్టి ఇప్పుడు ఉల్లాస్ అని పిలుస్తున్న కార్యక్రమంలో చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కులు. ఒక్కోదాంట్లో 33 శాతం వస్తే సర్టిఫికెట్ చేతికిస్తారు. రాష్ట్రంలో 95 శాతం మంది అక్షరాస్యులైతే సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్టే.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదివాసీల అక్షరాస్యత 49 శాతం. అందుకే చదువు కావాలని అడిగేవాళ్లలో ముందుండాల్సింది మనమే. అరవై ఏళ్ల అవ్వ పెన్ను పట్టి తన పేరు రాసుకుంటే అది చిన్న గౌరవం కాదు. కానీ ఆ మార్కుల కాగితం దేన్ని కొలుస్తోంది?

మొదట భాష సంగతి. ఇంట్లో కోయ, గోండి, కొలామి, కువి, సవర మాట్లాడే మనిషి చేతికి తెలుగు ప్రశ్నపత్రం ఇస్తే, తప్పు రాసింది అక్షరం రాకనా, మాట అర్థం కాకనా? పేపరు దిద్దేవాళ్లకు ఆ తేడా కనపడదు. అక్షరాలు కూడబలుక్కుని, ముక్క అర్థం కాకపోయినా పాసయ్యేవాళ్లూ ఉంటారు. వాళ్లూ కనపడరు.

తర్వాత లెక్క. సంతలో చింతపండు తూకంలో షావుకారి మోసాన్ని నోటిలెక్కతోనే పట్టేసే మన అమ్మ, కాగితం మీద కూడిక తప్పితే లెక్కలు రానిదైపోతుంది. కూడిక వచ్చినామెకు బ్యాంకు పాస్‌బుక్కులో ఎంత పడిందో, ఎంత పోయిందో తెలుస్తుందా? అది ఎవరూ అడగరు.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం మన క్లెయిమ్ మీద తీర్మానం చేయాల్సింది గ్రామసభ. ఇన్నాళ్లూ ఆ తీర్మానం పుస్తకంలో వేలిముద్ర వేశాం. ఇప్పుడు సంతకం నేర్పారు. వేలిముద్ర వేసినప్పుడు "నాకు చదివి వినిపించలేదు" అనే మాటైనా మిగిలేది. సంతకం పెట్టాక "చదివే పెట్టింది కదా" అంటారు. చదవలేని సంతకం మన చేతితో మనమే మన భూమిని వదులుకునే దారి.

"పరీక్ష లేకపోతే నేర్చుకున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకోండి. అక్షర దీపం కేంద్రాల్లో చదువుకున్న ఆడవాళ్లు సారా అమ్మకాన్ని ఆపారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ చదువుకు ఏ ప్రశ్నపత్రం మార్కులు వేయగలదు? చదువు వచ్చిందో లేదో ఊరు మారిన తీరులో తెలిసింది.

ఇప్పటి కార్యక్రమంలోనూ జీవన నైపుణ్యాలు, నిరంతర విద్య అని రాసుకున్నారు. 2024లో కేంద్రం చెప్పిన అక్షరాస్యత నిర్వచనంలో అర్థం చేసుకుని చదవడం, డబ్బు వ్యవహారాలు, డిజిటల్ అక్షరాస్యత కూడా ఉన్నాయి. రాసింది అంత, పరీక్షలో అడిగేది ఇంతేనా?

కాబట్టి మనం గ్రామసభల్లో తీర్మానం చేసి అడుగుదాం. పాఠం మన భాషలో మొదలుపెట్టి తెలుగులోకి తీసుకెళ్లండి. పట్టా, ఉపాధి హామీ జాబ్‌కార్డు, పాస్‌బుక్కు, తీర్మానం పుస్తకం, ఇవే పాఠ్యపుస్తకాలు కావాలి. పాసైన ఏడాది తర్వాత మళ్లీ వచ్చి చూడండి. ఊరు అక్షరాస్యమైందని గ్రామసభ ఒప్పుకోకుండా ప్రకటించొద్దు.

డిగ్రీ చదివిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనకూ పని ఉంది. వచ్చే గ్రామసభలో సంతకాలకు ముందు లేచి నిలబడి ఒక్క మాట అడగండి: "ఇది మా భాషలో చదివి వినిపించండి." వినిపించేదాకా ఒక్క పెన్ను కూడా కదలొద్దు.

జై ఆదివాసీ!