పసుపును బస్తాతోనే వదిలేద్దామా?

మన ఆర్మూర్, బాల్కొండ ప్రాంతంలో పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, పాలిష్ పట్టేసరికి పచ్చి పసుపు బరువులో అటూ ఇటుగా ఐదో వంతే మిగులుతుంది. దాన్ని బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకో, సాంగ్లికో తోలుతాం. కాడికింత, గోళకింత, చూరకింత అని ధర ఇంకొకరు చెప్తారు. అక్కడితో పంటతో మన సంబంధం తెగిపోతుంది. అదే పసుపును పొడి పట్టించి చిన్న ప్యాకెట్లలో అమ్మేవాళ్ల లెక్క ఆ తర్వాత మొదలవుతుంది.

2019 లోక్‌సభ ఎన్నికల్లో మన రైతులు వంద మందికి పైగా నామినేషన్లు వేసి దేశం దృష్టిని ఇటు తిప్పారు. పసుపు బోర్డు కావాలి, క్వింటాలుకు రూ.15,000 మద్దతు ధర కావాలి అన్నారు. 2025 జనవరి 14న బోర్డు మొదలైంది, జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరుచుకుంది. మద్దతు ధర మాత్రం ఇంకా రాలేదు. ఆ డిమాండ్‌ను వదిలేది లేదు. అయితే బోర్డును అడగాల్సిన మరో పని ఉంది: ప్యాకింగ్.

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మన ఎఫ్‌పీవోలు, మహిళా సంఘాలు తడబడేది ఇక్కడే. ఇంటికి 100 గ్రాములు చాలు. హాస్టల్ మెస్‌కు అర కిలో కావాలి. పోచంపాడ్‌లో గేట్లు ఎత్తినప్పుడు ప్రాజెక్టు చూడొచ్చినవాళ్లు కొంటే ఒకటో రెండో పొట్లాలు కొంటారు. ఇంతమందికి ఇన్ని సైజులు అచ్చు వేయిస్తే ఒకటి అమ్ముడుపోతుంది, ఇంకోటి గోదాములో మూలుగుతుంది.

దీనికి ఒక దారి విడదీసే అట్ట ట్రే. ఒకే అట్టతో చేసిన పది గదుల ట్రే అనుకోండి. గదికి 50 గ్రాములు. గదికీ గదికీ మధ్య చిల్లుల గీత ఉంటుంది. కిరాణా కొట్టాయన అడిగినన్ని గదులు చింపి ఇస్తాడు, మెస్‌వాళ్లు ట్రే మొత్తం తీసుకుపోతారు. ఒక్క సైజు అచ్చుతో అందరికీ సరిపోతుంది. క్వింటాలు పొడితో ఇలాంటి ట్రేలు 200 అవుతాయి.

అయితే అట్ట కోసి అతికిస్తే పని అయిపోదు. మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, సరుకు కాపాడటం. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ వెలుతురుకు పాడవుతుంది. అట్ట వెలుతురును ఆపుతుంది గానీ తేమను ఆపదు, వాసననిచ్చే నూనెను పట్టి ఉంచదు. కాబట్టి ప్రతి గదిలో పొడిని విడి పొరలో సీల్ చేయాల్సిందే. పాత పేపరులో తినే వస్తువులు కట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు.

రెండోది, చిల్లుల గీత. గట్టిగా ఉంటే చేత్తో చిరగదు, మెత్తగా ఉంటే లారీ కుదుపులకే ఊడిపోతుంది. చింపినప్పుడు లోపలి సీల్ తెగకూడదు. ఇది వేలల్లో అచ్చు వేయించక ముందే నమూనాలు చేసి, లారీలో తిప్పి చూసుకోవాల్సిన పని.

మూడోది, లేబుల్. మందుల షాపులో గోళీల షీటును సగం కత్తిరించి ఇస్తే గడువు తేదీ మిగిలిన సగంలోనే ఉండిపోతుంది. మన ట్రేకు ఆ గతి పట్టకూడదు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు విడిగానైనా, మొత్తంగానైనా అమ్మే ఇలాంటి ప్యాకెట్లను గుర్తించాయి. అందుకే బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, తయారుచేసిన వాళ్ల పేరు, చిరునామా, ఆహార లైసెన్స్ నంబరు ప్రతి గదిపైనా ఉండాలి.

అట్టకు దూరం పోనక్కర్లేదు. సారపాకలోని ఐటీసీ మిల్లులో రైతులు పెంచిన సుబాబుల్, జామాయిల్ కర్ర నుంచే అట్ట తయారవుతోంది. అసలు అడ్డంకి అచ్చు ఖర్చు. అట్ట కోసే డై చేయించడానికి వెయ్యి ట్రేలకైనా లక్ష ట్రేలకైనా ఒకటే ఖర్చు. పెద్ద కంపెనీకి అది లెక్కే కాదు, చిన్న సంఘానికి మాత్రం అక్కడే నడుం విరుగుతుంది.

అందుకే ఈ పని ఒక్కొక్కరుగా కాదు, కలిసి చేయాలి. డై అందరికీ ఒకటే ఉండాలి. ట్రే మీద పేరు కోసం ఖాళీ వదిలితే ఏ సంఘం స్టిక్కర్ ఆ సంఘం అంటించుకుంటుంది. పసుపు బోర్డును మనం అడగాల్సినవి ఇవి: ఉమ్మడి ట్రే నమూనా తయారుచేసి పరీక్షించి ఇవ్వాలి. పడగల్ స్పైసెస్ పార్కులో పొడి పట్టే, సీల్ చేసే యంత్రాలు పెట్టి సంఘాలకు కిరాయికి ఇవ్వాలి. కుర్కుమిన్ శాతం పరీక్ష జిల్లాలోనే జరగాలి.

ట్రేలు వస్తే పంటంతా ట్రేల్లోనే పోతుందని ఎవరూ అనుకోవద్దు. సింహభాగం ఇంకా యార్డుకే వెళ్తుంది, అక్కడ ధర కోసం పోరాటం సాగాల్సిందే. కానీ పదో వంతు పంటకైనా ధర మనమే రాసుకోగలిగితే, మిగతా తొమ్మిది వంతులకు బేరమాడే గొంతు కూడా పెరుగుతుంది. వచ్చే మండల సమావేశాల్లో ఈ విషయం చర్చకు పెట్టండి, తీర్మానాలు చేసి సంఘం ఆఫీసుకు పంపండి.