బడిపిల్లల నడుమ దయ

కతోలిక విద్యాలయములలో దయను గూర్చి చెప్పని దినము లేదు. ఉదయపు ప్రార్థనలో దయ కలదు. గోడలపై వ్రాసిన సూక్తులలో దయ కలదు. తపస్సుకాలము వచ్చినంతనే పిల్లలు చిల్లరకాసులు దాచి బీదల కొఱకు వేయు పెట్టెలోను దయ కలదు. వీనిలో దేనిని నేను తక్కువ చేయను. తన మిఠాయి మానుకొని యొకరి యాకలి తలచుకొన్న బిడ్డ మంచి బిడ్డయే. కాని పెట్టెలోని కాసు చేరవలసిన బీదలు ఎక్కడనో దూరముగా నుందురు. ప్రక్కబల్లమీది తోటివాడు మోచేతికి తగులుచుండును. ఉదయము పెట్టెలో కాసు వేసిన బాలుడే మధ్యాహ్నము ఆ తోటివాని మాటను వెక్కిరించినచో, ఆ బడిలో దయ యెంత కలదని లెక్క వేయవలయును? సీతంపేట వైపు మన్యమును దృష్టియం దుంచుకొని యీ ప్రశ్న వేయుచున్నాను.

2022 ఏప్రిల్ 4 వఱకు శ్రీకాకుళము జిల్లాలో నుండి, ఆనాటి నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో చేరిన సీతంపేట, సవరలకును జాతాపులకును కూడలి. సోమవారము సంతనాడు కొండలమీది నుండి అనాసపండ్లు, చింతపండు, పసుపు, కొండచీపుళ్లు కావళ్లమీదను గంపలలోను దిగివచ్చును. ఆ సంతలో కొందఱు వర్తకులకు ఒక విద్య కలదు. సవర స్త్రీ తెలుగున ధర చెప్పగానే, ఆమె చెప్పిన తీరుననే ఆ మాటను తిరిగి చెప్పి నవ్వుదురు. చుట్టునున్నవారును నవ్వుదురు. ధర తగ్గును. ఆ నవ్వునకును ధర తగ్గుటకును సంబంధము లేదనుకొనువారు సంత నెఱుగనివారు. సిగ్గుపడిన మనిషి బేరమాడజాలదు. వర్తకుని ప్రక్కన గోనెసంచి పట్టుకొని అతని కుమారుడు నిలుచుండి యుండును. మంగళవారమునాడు తరగతిలో ఆ స్త్రీ కొడుకు పాఠము చదువ లేచినప్పుడు ఆ బాలుడు తండ్రి నవ్వునే నవ్వును. కావున బడిలోని నిర్దయ బడిలోనే పుట్టినదని ఉపాధ్యాయులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. అది సంత నుండి నడచి వచ్చినది. అయినను గుమ్మము దాటి లోపలికి వచ్చిన పిదప దానిని ఏమి చేయుదురన్నది మాత్రము ఉపాధ్యాయుల బాధ్యతయే.

సవరభాష తెలుగునకు చుట్టము కాదు. అది ముండా కుటుంబమునకు చెందినది. అందు కొన్ని ధ్వనులు గొంతులోనే నొక్కిపట్టి పలుకవలసినవి. ఆ యలవాటుతో తెలుగు పలికిన బాలుని మాట నడుమ తెగినట్లు వినబడును. అది తెలివితక్కువతనము కాదు. మొదటి భాష రెండవ భాషపై వేసిన నీడ. మన యింగ్లీషును దొరలు పరిహసించిన కాలమున మన పత్రికలు ఎంత మండిపడినవి! బాబుల యింగ్లీషని వారు నవ్విన నవ్వు మనకు దేశావమానముగా తోచినది. అదే నవ్వును మనము కొండపిల్లవానిపై నవ్వినచో దానికి వేఱు పేరు పెట్టుదుమా? మఱియొక విషయము. హాజరుపట్టీలో పలువురు సవర పిల్లలకు తెగ పేరే యింటిపేరుగా వ్రాయబడియున్నది. తరగతిలో ఆ పేరు ప్రతిదినము పిలువబడుచుండును. గిట్టనివాడు దానినే తిట్టుగా వాడుకొన్నపుడు, ఆ బిడ్డ తన పేరు వినిన ప్రతిసారియు తిట్టు వినినట్లే యగును.

నా బాల్యమున నేను చదివిన యొక వసతిగృహమున కొండ ప్రాంతపు బాలుడొకడు మాతో నుండెను. వడ్డన వేళ అతడు పప్పు అడుగు తీరును మేము అనుకరించెడివారము. ముందొకడు, పిమ్మట వరుసయంతయు. వడ్డించు మనిషియు నవ్వెడివాడు. రెండు నెలలు గడచుసరికి ఆ బాలుడు అడుగుటయే మానెను. కంచములో పడినది తిని, లేచి, కంచము కడుగుకొని పోయెడివాడు. దసరా సెలవులకు వెళ్లి తిరిగి రాలేదు. చదువునందు శ్రద్ధ లేదని రిజిస్టరులో వ్రాసిరి. అతనిని మేమెవ్వరము కొట్టలేదు, అతని సొమ్ము దొంగిలింపలేదు. పండుగనాడు మాలో కొందఱు అతనికి తమ పాతచొక్కాలు కూడ నిచ్చిరి. నేను మొదట నవ్వినవాడను కాను. ఆ మాట నా కిప్పటికిని ఊరట నీయదు.

ఉత్తరాంధ్రమునకు కతోలిక బడులు క్రొత్తవి కావు. ఆనెసీ పట్టణమున 1838లో పుట్టిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు 1846లో విశాఖపట్టణము చేరిరి. మఱుసటి యేటనే అచ్చట బడి పెట్టిరి. 1993లో విశాఖ మేత్రాసనము నుండి శ్రీకాకుళము మేత్రాసనము వేఱుపడినది. ఈ కొండలు దాని పరిధిలోనివి. ఆ తొలిగురువులు ఎవరి పేరు పెట్టుకొని వచ్చిరో ఆ పునీతుని కథ ఒక్కటి యిచ్చట చెప్పవలసియున్నది. ఫ్రాన్సిస్ డి సేల్స్ (1567–1622) జెనీవా మేత్రాణి; సౌమ్యతకు పేరుపడినవాడు. మార్టిన్ అను పుట్టుచెవిటివాడొకడు ఆయనకు తారసపడెను. అట్టివారికి చదువు రాదని లోకము నమ్మిన కాలమది. మేత్రాణి వానికి భిక్ష వేసి పంపివేయలేదు. చేతిసైగలతో ఒక భాష కల్పించుకొని, తాను దానిని అలవరచుకొని, దానితోనే వానికి మతబోధ చేసెను; తన యింట పనివానిగా చేర్చుకొనెను. దయయనగా ఎదుటివాని మాట లోనికి తాను దిగుట యని ఆయన ఎఱుగును. (1923లో పదునొకండవ పయస్ పోపు ఈయననే పత్రికారచయితలకు పాలకపునీతునిగా ప్రకటించెను. అంతటి సౌమ్యుని మా వృత్తికి ఏల కట్టబెట్టిరో తెలియదు, మందుగా నిచ్చియుందురు.)

ఇది విదేశపు కథ యని తోసివేయువారు కలరేని వారు దూరము పోనక్కఱలేదు. వంశధార కావల పర్లాకిమిడిలో రాజావారి బడియందు 1880లో ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు చేసినదియు నిదియే. సవరభాష తెలిసినవానిని ఇంటనే యుంచుకొని యేండ్ల తరబడి ఆ భాష నేర్చిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. స్వంతసొమ్ముతో సవర పిల్లలకు బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా, అది తమకు వలదనియు, ఆ ధనముతో సవరభాషలో చదువు చెప్పు బడి పెట్టుడనియు కోరిరి. 1931లో వారి సవర వ్యాకరణమును 1938లో నిఘంటువును వెలువడినవి. ఆ మన్యములలో తిరుగుచు పట్టిన మలేరియాకు పుచ్చుకొన్న క్వయినావలన వారికి చెముడు వచ్చినది. పరులభాష వినుటకు పోయి తమ చెవులు పోగొట్టుకొన్నవారిని మనము ఆగస్టు 29న తెలుగుభాష కొఱకు మాత్రమే తలచుకొనుచున్నాము. (ఈ వ్యాసములోని 'వలయును'లను చూచిన పంతులుగారికి కోపము వచ్చియుండెడిదే. దాని కిచ్చట క్షమాపణ చెప్పుకొనుచున్నాను.)

ఇక బడులలో దయ పేరిట జరుగు పనులను చూతము. వార్షికోత్సవమున పేదపిల్లలను వేదిక యెక్కించి, పేరు పేరున పిలిచి, దాతల చేత దుప్పట్లు ఇప్పింతురు. తోటి విద్యార్థులు క్రింద కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. దుప్పటి చలికి పనికివచ్చును. కాని ఆ దినము నుండి వేదిక నెక్కినవాడు క్రిందివారితో సమానుడు కాడు. జీతము కట్టి చదువు పిల్లలు ఒక వైపు, ధర్మవసతిగృహపు పిల్లలు ఒక వైపు భోజనమునకు కూర్చుండు బడిలో దయను గూర్చి నీతిపాఠము చెప్పుట పిల్లలకు అసత్యము నేర్పుటయే. కతోలిక శ్రీసభ తనలోని లోపము నెఱుగనిది కాదు. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితులను గూర్చి విధానపత్రము ప్రకటించుచు, తమ సభలోపలనే కులభేదము కలదని ఒప్పుకొనెను. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినలైనప్పుడు, దళితులలో నుండి ఆ పదవి నందిన మొదటివారని దేశమంతయు చెప్పుకొనెను. సంతోషించితిమి. కాని రోము నగరమున తెరచుకొన్న తలుపు కొండ క్రింది వసతిగృహపు భోజనశాలలో తెరచుకొన్నదో లేదో ఎవరైన వెళ్లి చూడవలయును.

మిషనరీల దయ మతమార్పిడికి వేసిన యెర యని మనవారిలో పలువురు అనుమానించుచున్నారు. ఈ యనుమానమును పరిహసించి ప్రయోజనము లేదు; దానికి సమాధానము చెప్పవలయును. 2024లో ఆ సమాఖ్యయే తమ విద్యాలయములకు పంపిన మార్గదర్శకములలో, ఇతర మతముల పిల్లలపై క్రైస్తవాచారములు మోపరాదనియు, ప్రతి ఉదయము రాజ్యాంగ పీఠికను చదివింపవలయుననియు చెప్పినది. పీఠికలో సౌభ్రాతృత్వమను మాట యున్నది. చెట్టునకు మ్రొక్కు సవర బాలుని, శిలువ ధరించిన బాలుని, బొట్టు పెట్టుకొన్న వర్తకుని కుమారుని ఒక్క బల్లమీద కూర్చుండబెట్టి ఆ మాట చదివించిన బడిని ఏ దేశభక్తుడును శంకింపజాలడు. చదివించి ఊరకున్నచో మాత్రము అది గోడమీది సూక్తులలో మఱియొక్కటి యగును.

పిల్లల నవ్వు సహజము, దానిని శాసింపజాలమని కొందఱు ఉపాధ్యాయు లందురు. శాసింపజాలము, నిజమే. విద్యాహక్కు చట్టము (2009) పదునేడవ విభాగమున దేహదండనను మానసిక హింసను నిషేధించినది. సుప్రీంకోర్టు 2014లో ఆ చట్టము అల్పసంఖ్యాకుల బడులకు వర్తింపదన్నది. 2025లో మఱియొక ధర్మాసనము ఆ తీర్పునే శంకించినది. న్యాయవాదులు వాదించుకొందురు గాక. ఏ చట్టమును పిల్లవాని పెదవులపై కావలి కూర్చుండజాలదు. కాని ఉపాధ్యాయుని పెదవుల మాట వేఱు. అతడు తాను అనుకరింపక, అనుకరించినవానిని చూచి చిఱునవ్వు నవ్వక యుండగలడు కదా! తరగతిలో వెక్కిరింతకు మొదటి యనుమతి ఆ చిఱునవ్వే.

పెద్ద పథకములు నేను సూచింపను. వారమున నొక గంట సవర పిల్లలే గురువులై, మైదానపు పిల్లలకు తమ భాషలో పది వఱకు లెక్కించుట, నీరు, అన్నము, అమ్మ, వాన యను మాటలు నేర్పవచ్చును. గొంతులో నొక్కి పలుకు ఆ ధ్వని నోట పలుకక వర్తకుని కుమారుడు తడబడునప్పుడు, తడబాటు ఎట్లుండునో అతనికి తెలియును. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో రాష్ట్రప్రభుత్వము సవరభాషలో ప్రాథమిక వాచకములను చేయించినది. వానిని తెప్పించుకొనుట కష్టము కాదు. క్రొత్తగా కొండ దిగివచ్చిన బిడ్డకు పై తరగతిలోని సవర విద్యార్థి నొక్కనిని మైదానపు విద్యార్థి నొక్కనిని తోడుగా నిచ్చి, మొదటి మాసము వారు ముగ్గురును కలిసి భుజించునట్లు చేయవచ్చును. జాతాపు పిల్లలను మఱవరాదు. ఇంట తెలుగే మాట్లాడు అలవాటు చేత వారిలో కొందఱు మైదానపువారితో కలిసి సవరలను నవ్వుటయు కలదు.

జ్ఞానోపదేశ తరగతిలో మఱియొక పాఠము చెప్పవచ్చును. క్రీస్తును బంధించిన రాత్రి ప్రధానయాజకుని వాకిట పేతురును అచ్చటివారు గుర్తుపట్టినది అతని యాసచేతనే యని మత్తయి సువిశేషమున నున్నది. అతడు గలిలయ సీమవాడు, జాలరి. రాజధానివారి పలుకు అతని నోట పలుకలేదు. కతోలికులు తమ తొలి పోపుగా తలచు మనిషిని ఒకనాడు యాసచేత పట్టిచ్చిరని విన్న పిల్లవాడు, ప్రక్కబల్లవాని యాసను వేఱు చెవితో వినునేమో.

జూను మాసమున బడులు తెరచు మొదటి యుదయము హాజరు పిలుచుటకు ముందు, ఉపాధ్యాయుడు సవర బాలుని దగ్గఱకు పోయి, ఇంట నిన్నేమని పిలుతురని అడిగి, వాడు పలికినట్లే తాను పలికి, తరగతి చేతను పలికింపవచ్చును. దానికి నిధులు అక్కఱలేదు. మేత్రాణిగారి యనుమతియు అక్కఱలేదు. అప్పుడు వెనుకబల్లమీద ఎవడైన నవ్వినచో, ఉపాధ్యాయుని మొగ మెట్లున్నదో నలువది జతల కన్నులు చూచుచుండును.