కంప్యూటర్ మరమ్మతు కళ్లెదుటే జరగాలి

(గ్రామీణ విలేఖరి)

ఒకప్పుడు బోరు మోటారు కాలిపోతే పట్నం మోసుకుపోయేవారు. నేడు పల్లెజనం కంప్యూటర్ డబ్బాను గోనెసంచిలో చుట్టి బస్సెక్కుతున్నారు. చౌటుప్పల్, ఇబ్రహీంపట్నం వైపు వారికి ఎల్.బి.నగర్ చౌరస్తాయే పట్నపు వాకిలి. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ కూతవేటు దూరం. మరమ్మతు దుకాణాలకూ, కంప్యూటర్ నేర్పే కేంద్రాలకూ కొదవ లేదు. కొదవ ఉన్నదల్లా ఓపికకే.

గత ఏడాది మా ఊరి మీసేవ కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఈ విలేఖరి కూడా వెంట వెళ్లాడు. ఒక దుకాణంలో "ప్రాసెసర్ పోయింది" అన్నారు. డబ్బాను లోపలికి తీసుకుపోయి సాయంత్రం తిరిగి ఇచ్చారు. ఊరికి తెస్తే అసలు మొదలే కాలేదు. మరొక మెకానిక్ విప్పి చూపగా ప్రాసెసర్ అడుగున సూదులు వంగి, రెండు విరిగి ఉన్నాయి. వారం రోజులు కేంద్రం మూతపడింది. ఆదాయ ధ్రువపత్రం కావలసిన పిల్లలు పక్క ఊరికి తిరిగారు. రశీదు లేదు గనుక అడిగే దారీ లేకపోయింది.

నిజానికి ప్రాసెసర్ కాలిపోవడం అరుదు. మితిమీరి వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు దానిలోనే ఉంటుంది. ఫ్యానులో దుమ్ము, ఎండిపోయిన పేస్టు తరచు అసలు కారణాలు. ముందు అవి చూడాలి.

తప్పక మార్చవలసి వస్తే పద్ధతి ఉంది. కరెంటు తీగ పీకి, స్విచ్చి ఒకసారి నొక్కి మిగిలిన విద్యుత్తు పోనివ్వాలి. డబ్బా ఇనుప భాగాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. ఫ్యాను దిమ్మెను నారు పీకినట్లు పీకరాదు. మెల్లగా అటూ ఇటూ తిప్పి సడలించాలి. పేస్టు గట్టిగా అంటుకుంటే ప్రాసెసర్ కూడా ఊడివస్తుంది. ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 రకంలో ప్రాసెసర్ కిందనే 1331 సూదులుంటాయి. ఇంటెల్ రకాల్లో 2004 నుంచి సూదులు బోర్డు గూటిలోకి మారాయి. అక్కడ వేలు తగిలినా బోర్డే పాడవుతుంది.

మీట ఎత్తి, అంచులు పట్టి తీయాలి. కొత్తది ఆ గూటికి సరిపోయేదేనా అని ముందే చూసుకోవాలి. మూల మీది త్రిభుజం గుర్తును గూటి గుర్తుతో కలిపి పెడితే తనంతట తానే కూర్చుంటుంది. బలవంతంగా నొక్కరాదు. పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది వేసి, మరలు ఎదురెదురుగా బిగించాలి. ఫ్యాను తీగ తగిలించడం మరువరాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది. "మార్చేస్తాం" అనగానే నమ్మరాదు.

రద్దీలో అందరి ముందూ విప్పడం కుదరదని దుకాణదారులంటారు. కాని విప్పి చూపడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ పాటి సమయం ఇవ్వలేని దుకాణానికి వేల రూపాయల వస్తువు ఎలా అప్పగించగలం? కళ్లెదుట విప్పించుకోవడం, పాత భాగం తిరిగి అడగడం, రశీదు తీసుకోవడం మన హక్కుగా పాటించాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవాలోపానికీ వర్తిస్తుంది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది.

ఇక శిక్షణ సంగతి. గోడమీది బొమ్మలు చూపి సర్టిఫికెట్ ఇస్తే చేతికి పని రాదు. "మా వాడు తన చేతితో ఎన్నిసార్లు విప్పి బిగిస్తాడు?" అని తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే అడగాలి. ఐ.టి.ఐ.లలో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ నిర్వహణకు ఏడాది ట్రేడు ఉంది. దానిని పల్లెలకు దగ్గరి ఐ.టి.ఐ.లలో పెంచి, పాత కంప్యూటర్లు ఇచ్చి సాధన చేయిస్తే మండలానికి ఒక మంచి చేయి తయారవుతుంది. గోనెసంచి ప్రయాణమూ తప్పుతుంది. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.