తెల్లబట్టకి గర్భసంచి కోతా?

మన వాడల్లో ముప్పై నిండని ఆడకూలీలు కూడా గర్భసంచి తీయించుకుంటున్నారు. ఎందుకమ్మా అంటే, 'తెల్లబట్ట అవుతుంది, ఉంచుకుంటే క్యాన్సరొస్తదన్నాడు డాక్టరు' అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7!

తెల్లబట్ట చాలాసార్లు యోనిలో వాపు వల్ల వస్తది. ఈ మాట పత్రికలో రాస్తారా అని మొహం చిట్లించేవాళ్లుంటారు. రాస్తాం. భూమి గురించి, రెండు గ్లాసుల గురించి మాట్లాడే మన సంఘాలు ఆడమనిషి ఒంటి గురించి నోరెత్తవు. గోదావరి అవతలి గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్లు రెండు ఊళ్లలో 650 మందిని పరీక్షించి 1989లో లెక్క చెప్పారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీల జబ్బుంది. అంతకుముందు పరీక్ష జరిగింది 8 మందికే.

వాసన, దురద లేకుండా కొద్దిగా తెల్లగా అయితే అది జబ్బు కాదు. విరిగిన పాలలా పడి దురద పుడితే బూజు జాతి క్రిమి పని. షుగరున్నవాళ్లకి, కడుపుతో ఉన్నవాళ్లకి, యాంటీబయాటిక్‌లు వాడినవాళ్లకి ఇది ఎక్కువ. పల్చగా పడి చేపల కంపు కొడితే లోపలుండే మంచి బాక్టీరియా తగ్గిపోయిందన్నమాట. పసుపుపచ్చగా, నురగగా వస్తే అది ఆలుమగల మధ్య తిరిగే జబ్బు కావచ్చు. మొగుడు కూడా మందు మింగాలి. ఇక్కడే మన మగాళ్లు మొరాయిస్తారు. ఆమె వాడి, అతను వాడకపోతే జబ్బు మళ్లీ వస్తది. 'మందులకి తగ్గదు, కొయ్యాల్సిందే' అనేవాడికి బేరం దొరికినట్టే.

దేనికి ఏ మందో పరీక్ష చేసి ఇస్తే చాలామందికి రోజుల్లోనే తగ్గుతది. సర్కారు దవాఖానాలో ఉచితంగా అడగండి. డెట్టాలు, సబ్బు పెట్టి లోపల కడగొద్దు, ఉన్న మంచి బాక్టీరియా కూడా పోతది. ముట్టుబట్టలు సిగ్గుపడి చాటున కాదు, ఎండలో ఆరేయండి. కడుపుతో ఉన్నవాళ్లు సొంత వైద్యం చెయ్యొద్దు. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, ముట్లుడిగాక నెత్తురు కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి.

వాపు యోనిలో, కోసేది గర్భసంచి! కాలికి ముల్లు దిగితే చెయ్యి నరికినట్టుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి. నాట్లేసే నడుముకి అదెంత దెబ్బో కూలికి పోయేవాళ్లకి తెలుసు. క్యాన్సర్ భయముంటే, 30 దాటినవాళ్లకి గర్భసంచి ముఖద్వారం పరీక్ష ఉంది. ముందు అది చెయ్యమనండి.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అక్కర్లేని గర్భసంచి కోతల మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చెయ్యాలంది. వాటి ప్రకారం జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీ జిల్లాలో ఉందా? ఉంటే అందులో ఎవరున్నారు, 40 ఏళ్ల లోపువాళ్లకి ఈ ఏడాది ఎన్ని కోతలు జరిగాయి, ఏ జబ్బు పేరు రాసి చేశారు? కార్యకర్తలు జిల్లా వైద్యాధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, జవాబు కాగితం మీద తెచ్చుకోవాలి.