మందులు వాడని పంటకు మద్దతు ఏదీ?

సికింద్రాబాద్ బోయినపల్లి మార్కెట్‌కు చుట్టుపక్కల గ్రామాల నుంచి తెల్లవారేసరికి కూరగాయలు చేరతాయి. వేపగింజల కషాయంతో పండించిన వంకాయ అయినా, పురుగుమందులు కొట్టిన వంకాయ అయినా ఒకే ధర పలుకుతుంది. పుచ్చు కనిపిస్తే కషాయం వంకాయకే ధర తగ్గుతుంది. ఇట్లాగైతే మందులు మానుకొమ్మని రైతుకు ఎంత చెప్పినా ఏమి లాభం?

ప్రభుత్వ సహాయం తీరు కూడా ఇంతే. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతున్నదంటే మిగతా ఖర్చు ప్రభుత్వం భరిస్తున్నందువల్లనే. ఆ రాయితీ తీసివేయాలని ఎవరూ అనరు. కాని పశువులను సాకి, పెంట తోలి నేలకు బలం చేకూర్చే రైతుకు అటువంటి రాయితీ ఏదీ?

2018లో రైతుబంధు కింద ఎకరాకు, పంటకు 4 వేల రూపాయలు ఇచ్చారు. 2025లో రైతు భరోసా కింద 6 వేలు ఇచ్చారు. ఆ సొమ్ము పట్టాదారుకు చేరింది గాని, చేను దున్నిన కౌలు రైతుకు చేరలేదు. పంట ఎట్లా పండించారన్న ప్రశ్నే లేదు. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలుదారు నేల బాగుకు ఎందుకు ఖర్చు పెడతాడు?

మందులు లేని సాగు అయ్యే పని కాదని కొందరి వాదన. జనగామ జిల్లా ఏనెబావి రైతులు 2006 నాటికే ఊరంతా ఒక్క మాటపై రసాయనాలు మానివేశారు. తార్నాకలోని సుస్థిర వ్యవసాయ కేంద్రం వారు తోడ్పడ్డారు. కావలసింది తోడ్పాటే. 2015లో కేంద్రం ప్రారంభించిన పరంపరాగత కృషి వికాస్ యోజనలో రైతుల సమూహాలకు 3 ఏళ్ళ సహాయం ఉంది. ఆ తరువాత గిట్టుబాటు ధర లేకపోతే రైతు మళ్ళీ మందుల దుకాణానికే వెళతాడు.

కాబట్టి అధికారులు మూడు పనులు చేయాలి. మార్కెట్‌లోను, రైతుబజార్లలోను ఈ పంటకు వేరే అరుగు కేటాయించాలి. హాస్టళ్ళకు, అంగన్‌వాడీలకు ఈ పంటనే మంచి ధరకు కొనాలి. పెంట ఎరువుతో సాగు చేసినవారికి, కౌలుదారుతో సహా, ఎకరాకు ప్రోత్సాహకం ఇవ్వాలి.

బోయినపల్లి మార్కెట్‌లో కుళ్ళిన కూరగాయల నుంచి కరెంటు తీసిన తీరును 2021లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో మెచ్చుకున్నారు. చెత్తకు విలువ కట్టిన చోట మంచి పంటకు విలువ కట్టలేరా?