సముద్రమే గోడ!

అండమాన్ వెళ్లేవారిలో చాలామందికి పోర్ట్‌బ్లెయిర్ అంటే విమానం దిగే చోటు, అంతే. దిగీ దిగగానే హేవ్‌లాక్ పడవ కోసం పరుగెడతారు. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన ఈ ఊళ్లోనే రెండు రోజులు ఉండి చూస్తే... ఆ తొందరెందుకో అర్థం కాదు!

గడియారం మనదే అయినా దీవులు బాగా తూర్పున ఉండటంతో ఇక్కడ తెల్లవారుజామున ఐదింటికల్లా వెలుతురొచ్చేస్తుంది. సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. అందుకే పెందలాడే లేచినవారిదే విహారం.

మొదటిరోజు ఛాతం వంతెన దాటి 1883 నాటి రంపపు మిల్లు చూడొచ్చు. ఎర్రటి పడౌక్ కలపతో చేసిన బొమ్మలు అక్కడి మ్యూజియంలో ఆకట్టుకుంటాయి. సాయంత్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలోని చిడియా టాపు చేరితే సూర్యాస్తమయం కనువిందు చేస్తుంది. బజార్లో తెలుగు మాటలు వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి.

రెండోరోజు ఉదయం పడవెక్కితే కొద్ది నిమిషాల్లో ఒకప్పటి రాస్ ఐలాండ్. 2018 నుంచి అది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. తెల్లదొరలు దర్జాగా బతికిన బంగళాలు, చర్చి ఇప్పుడు మర్రివేళ్ల కౌగిట్లో శిథిలాలు. వాటి మధ్య చుక్కల జింకలు పిల్లల చుట్టూ తిరుగుతుంటాయి.

మధ్యాహ్నం మాత్రం సెల్యులర్ జైలుకే. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఈ కట్టడానికి అప్పట్లో ఏడు విభాగాలు, ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక విభాగం ముందుభాగం పక్కదాని వెనకవైపు చూసేలా కట్టారు. ఖైదీకి సాటి ఖైదీ ముఖం కనపడకూడదని! గానుగకు మనుషుల్నే కట్టి నూనె తీయించిన చోటది. తప్పించుకున్నా చుట్టూ సముద్రమే గోడ. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు ద్వీపాంతరవాసం విధించి పంపింది ఈ దీవులకే. బతికి తిరిగొచ్చిన ఆయన 1952లో విశాఖ నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

చీకటి పడ్డాక ఇక్కడి సౌండ్ అండ్ లైట్ షో తప్పక చూడాలి. పగలంతా కేరింతలు కొట్టిన పిల్లలు కూడా బయటికొచ్చేటప్పుడు నెమ్మదిగా నడుస్తారు.

ఎలా వెళ్లాలి: చెన్నై నుంచి విమానంలో రెండు గంటలకు పైగా ప్రయాణం. ఓడలో అయితే రెండు మూడు రోజులు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం.